మంచం కింద అంబలి కుండ

మా చిన్నప్పుడు... బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో కార్ఖానా సైరన్ మోగేలోపు మా ఇంట్లో రోజూ ఒక రహస్యం నడిచేది. నాన్న వీధి తలుపు గడియ పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని, చెంబెడు చోడి అంబలి గటగటా తాగేవాడు. ఉల్లిపాయ కొరికిన చప్పుడు కూడా బయటికి వినబడకూడదు! తర్వాత అమ్మ తాగేది. కుండ మళ్ళీ మంచం కిందికి వెళ్ళిపోయేది.

చోళ్ళంటే రాగులే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్ళం... ఆ అంబలి కడుపులో పడందే మావాళ్ళకి సమ్మెట లేచేది కాదు. కానీ పక్కింటి బెంగాలీవాళ్ళు చూస్తే చులకనైపోతామని బెంగ. అందుకని, బయట ఎక్కడ వాగేస్తారోనని, పిల్లలకి మాత్రం వాళ్ళ పిల్లల్లాగే పొద్దున్నే టీ, బిస్కెట్లు.

ఒకటో తరగతి చదివే మా చెల్లి చిట్టికి అవి ఏ మూలకి? మా తెలుగు బడిలో ప్రార్థన పాడుతూ పాడుతూ దబ్బున పడిపోయేది. రైల్వే ఆసుపత్రి డాక్టరు, జబ్బేమీ లేదు, పొద్దున్నే బలమైన తిండి పెట్టండి అన్నాడు. అమ్మ ఇంకో బిస్కెట్టు పెంచింది!

చిట్టి మళ్ళీ పడిపోయిన రోజున అమ్మ తేల్చేసింది. “సదువూ వద్దు, ఏటీ వద్దు. పిల్ల బతికుంటే సాలు. రేపట్నుంచి బడి మానిపించేస్తాను.” చిట్టికి బడంటే ప్రాణం. పలకని గుండెలకి హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చూస్తున్న నాకూ ఏడుపొచ్చేసింది.

ఆ సాయంత్రమే చిట్టి వాళ్ళ వరాలమ్మ టీచరు మా ఇంటికి వచ్చింది. “ఈ నెలాఖరు దాకా పిల్లని నాకొగ్గేయమ్మా. అప్పటికీ పడిపోతే నీ ఇష్టం” అని అమ్మని ఎలాగో ఒప్పించింది. మర్నాడు బడిలో అందరికీ చెప్పింది... ఇకనుంచి ప్రార్థనకి ముందు అంబలి పోస్తాను, ఇంటి నుంచి తలా గుప్పెడు చోడిపిండి తెండి అని.

ఎవరు తెస్తారు? అందరివీ ఖాళీ చేతులే... అందరిదీ ఒకటే పాట. “మా ఇంట్లో సోళ్ళు తినరు టీచర్!” మూడో తరగతిలో ఉన్న నేనూ అమ్మ నేర్పిన ఆ ముక్కే అప్పజెప్పాను.

మర్నాడు టీచరే ఒక కుండ చంకన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర రంగు ఐసు అమ్మే బెంగాలీ దాదా చూస్తుండగా, మా బడి ఆయా దీదీ చూస్తుండగా, వరండాలో నిలబడి గ్లాసెడు అంబలి ఎత్తి తాగేసింది! “మాయమ్మ నన్ను దీంతోనే పెంచినాది” అంది మూతి తుడుచుకుంటూ. మాకు టీచరంటే ఇస్త్రీ చీర, చేతికి గడియారం... అలాంటి మనిషి మేం తలుపులేసుకుని తాగేదాన్ని పట్టపగలు తాగేసింది. నేను నోరు వెళ్ళబెట్టేశాను.

అప్పుడు లేచింది చిట్టి. “మా ఇంట్లోనూ ఉంది టీచర్! మంచం కింద!”

ఇంకేముంది... “మాది తలుపు సాటున!” “మా కుండ మామ్మ ట్రంకుపెట్టి ఎనకాల!” అంటూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచారు. బడి బడంతా గొల్లున నవ్వింది.

సాయంత్రానికి కబురు క్వార్టర్లన్నీ చుట్టేసింది. “పరువు తీసేసినావు కదే!” అని అమ్మ చిట్టి మీద చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే మా వెనకింటి పారమ్మ పిన్ని పెరటి తలుపులోంచి తల దూర్చింది. “ఒలే సత్తెమ్మా, నీ కుండ మంచం కిందంట కదే? నాది బొగ్గుల డబ్బా ఎనక. ఇన్నాళ్ళూ నీకు కనబడకుండా దాసలేక సచ్చినాను!”

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. “ఓలమ్మో... నాను నీకు దాసి, నువ్వు నాకు దాసి...” అంటూ అమ్మ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, చిట్టిని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేసింది. “ఇంట్లో కుండెట్టుకుని పిల్లకి బిస్కట్లెట్టినానే!”

మర్నాడు పొద్దున్న చూసిన దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. క్వార్టర్ల సందుల్లోంచి అమ్మలు, పిన్నులు, మామ్మలు... చంకన కుండలతో బడికి బయలుదేరారు. అన్ని కుండలు మా చుట్టూ ఉన్నాయని నాకు ఆరోజే తెలిసింది. అందరికంటే ముందు మా అమ్మ... కుండ మీద మూతైనా లేదు! మేం కాకీమా అని, అంటే పిన్నీ అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ ఇదేమిటని అడిగి, గ్లాసు పట్టింది. తాగి “ఖూబ్ భాలో”, చాలా బాగుంది అని ఇంకాస్త పోయించుకుంది. వీళ్ళకి భయపడా ఇన్నేళ్ళూ దాచుకున్నాం అనిపించింది!

అప్పట్నుంచి రోజూ ముందు అంబలి, తర్వాతే ప్రార్థన. అమ్మ గేటు ఊచలు పట్టుకుని చిట్టినే చూస్తూ నిలబడేది. నెలాఖరు రోజున కూడా చిట్టి పాట చివరిదాకా నిటారుగా నిలబడి, అందరికంటే గట్టిగా పాడింది. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని “సదువుకోనీ” అని ఇంటికి వచ్చేసింది. బడి మాన్పించే మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు.

మొన్న చిట్టీ నేనూ ఖరగ్‌పూర్‌లోనే మలంచా వైపు ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. మన చోడిపిండి... తళతళలాడే ప్యాకెట్లలో, అద్దాల బీరువాలో, పైన లైట్లతో! ఇద్దరం అలా చూస్తూ నిలబడిపోయాం. “చూశావా అక్కా, మంచం కింద నుంచి ఎక్కడికెక్కిందో!” అంది చిట్టి. నవ్వొచ్చింది... వెంటనే అమ్మ గుర్తొచ్చింది.

ఇప్పుడెవరూ దాచక్కర్లేదు కదా, చెప్పేయండి... మీ ఇంట్లో కుండ ఎక్కడుండేది?