అమ్మ బాగుచేసిన సీలింగ్

నిన్న హార్డ్‌వేర్ స్టోర్‌లో జిగురు వాసన తగలగానే, నా చిన్నప్పుడు ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో నాన్న కొన్న, కారు వెనక తగిలించుకెళ్ళే పాత క్యాంపింగ్ ట్రైలర్ గుర్తొచ్చింది. వాన నీళ్ళు దిగి దాని సీలింగ్ పొట్టలా కిందికి జారింది. నాన్న జిగురు డబ్బా తెరవబోతే అమ్మ ఆపింది.

"ముందు పైన లీకు మూయాలండీ. తడి ఆరాకే అతికించాలి."

తనే పైకెక్కి పగుళ్ళు పూడ్చింది. వారం ఆగి, కుళ్ళిన చెక్క కోసేసి కొత్తది బిగించింది. జుట్టు నిండా రంపంపొట్టు, నోట్లో ఏదో కూనిరాగం.

"ఇదంతా నీకెలా వచ్చమ్మా?" అన్నాను.

"ఇదే కదే నా పని!"

అమ్మ పనంటే వంటేననుకునే నేను పకపకా నవ్వాను. అమ్మ కూడా నవ్వేసింది.

అమ్మ బెజవాడలో బిల్డింగులు కట్టించిన ఇంజినీరని, ఇక్కడ ఆమె వీసా మీద ఉద్యోగం చేయకూడదని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. అలా ఉద్యోగం లేకుండా గడిపిన పదేళ్ళలో ఆమె చేతికి దొరికిన తన పని ఆ ఒక్క సీలింగే.