నోట్లో గుండుసూదులు

చర్చి వెనక గదిలో కూర్చునే టైలరమ్మ దగ్గర పిల్లలు అంతలా ఎందుకు నోరు విప్పుతారో పాస్టరుగారికి అంతుపట్టేది కాదు. యూత్ మీటింగులో ఆయన “ఎవరికైనా ఏమైనా సందేహాలున్నాయా?” అంటే ముప్పైమందీ నేల చూపులు చూసేవారు. ఆ పిల్లలే క్వయర్‌లో పాడేటప్పుడు వేసుకునే అంగీ సరిచేయించుకోవడానికి వచ్చి స్టూలెక్కారంటే గడగడా చెప్పేసేవారు. పరీక్ష పోయిన సంగతి, నాన్నతో గొడవ, దేవుడు నిజంగా వింటున్నాడా అన్న అనుమానం, అన్నీ.

టైలరమ్మ గొప్ప జ్ఞాని అని సంఘమంతా అనుకుంది. నిజానికి ఆవిడంత వాగుడుకాయ ఆ చుట్టుపక్కల లేదు! కాకపోతే పిల్లలు ఏటా ఎదుగుతారు, అంగీల అంచులు విప్పి కిందికి దించాలి. ఆ పని చేసినంతసేపూ ఆవిడ పెదాల మధ్య అరడజను గుండుసూదులుంటాయి. నోరు తెరిస్తే రాలతాయి. “ఊఁ” అనడం తప్ప గత్యంతరం లేదు.

ఇంట్లో ఆ అడ్డు లేదు. “అమ్మా, నాకు ప్రార్థన రావట్లేదు” అని పదహారేళ్ళ కూతురు ఓసారి అంది, పాపం. ఇక చూస్కోండి, సాతాను నుంచి సెల్‌ఫోను దాకా ముప్పావుగంట వాయించింది ఈవిడ. ఆ రోజుతో ఆ పిల్ల నోటికి తాళం పడింది. క్వయర్ మానేసింది. ఆదివారమొస్తే ఓసారి కడుపునొప్పి, ఓసారి తలనొప్పి. అలా మూడు నెలలు. అందరి పిల్లల గుట్టూ తెలిసిన మనిషికి కన్నబిడ్డ మనసు తెలియకపోవడం ఎంత సిగ్గుచేటు! కుట్టుమిషను మీద తలవాల్చి ఎన్నిసార్లు ఏడ్చిందో.

ఒక శనివారం పొద్దున ఆవిడ ఓ అంగీ అంచు దించుతుంటే పాస్టరుగారొచ్చారు.

“అమ్మా, రేపు తల్లిదండ్రుల కూటంలో మీరే మాట్లాడాలి. పిల్లల చేత ఎలా మాట్లాడించాలో చెప్పండి.”

‘అయ్యగారూ, నా కూతురే నాతో మాట్లాడట్లేదండీ’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. నోటినిండా సూదులు. “ఊఁ” అంది. ఆయన ఒప్పుకుందనుకుని సంతోషంగా వెళ్ళిపోయారు.

అప్పుడు తట్టింది ఆవిడకి.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి, కూతురి గౌను పొట్టిదైందని స్టూలు చూపించింది. పిల్ల మూతి ముడుచుకునే ఎక్కింది. ఈవిడ ఆరు సూదులు పెదాల మధ్య పెట్టుకుని కింద కూర్చుంది. కుట్లు విప్పి అంచు కిందికి దించడం మొదలెట్టింది.

“పాటల్లో ఊరికే నోరు కదిపేదాన్నమ్మా,” అంది పిల్ల, గోడకేసి చూస్తూ. “లోపల ఏమీ అనిపించేది కాదు. అందరికీ బాగానే ఉంది, నాకే ఏదో అయిందని భయమేసింది. నీకు చెబితే తిడతావని...”

నాలుగు వాక్యాలు నాలుక చివరికొచ్చాయి. సూది చురుక్కుమంది. “ఊఁ” అంది తల్లి.

పిల్ల చెబుతూనే ఉంది. అంచు చుట్టూ సూదులు గుచ్చడం ఎప్పుడో అయిపోయినా, తీసి మళ్ళీ గుచ్చుతూ మూడుసార్లు తిరిగింది తల్లి.

“నాకోసం ప్రార్థన చేస్తావా? చిన్నది. లెక్చరు వద్దు.”

నోట్లో మిగిలినవి ఒక్కొక్కటే తీసి పెట్టెలో వేసింది. ఆఖరి సూది తీసేసరికి, చెప్పాలనుకున్న ఉపదేశాల్లో ఒక్కటీ మిగల్లేదు.

“ప్రభువా, నా బిడ్డ నాతో మాట్లాడింది. నీకు స్తోత్రం,” అంది.

“ఆమెన్,” అంది కూతురు. కానీ స్టూలు దిగలేదు.

“ఇంకా ఉందమ్మా. ఆ సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకో.”