చేప కడుపులో మా సోంపు

నా చిన్నప్పుడు నన్నొకాయన మోసం చేశాడని చెప్పుకుంటే వినేవాళ్లు జాలిపడతారు. కానీ జరిగింది అంతకంటే సిగ్గుచేటు. ఆ మోసాన్ని నేనే నా చేతులతో పిసికి, ఉండలు చుట్టి, ఆరు రోజులపాటు పొద్దున్నే చెరువు దాకా మోసుకుపోయాను. ఇంత తెలివితక్కువ పని ఒక్క మనిషి వల్ల ఎట్లా అయిందా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మనవలు ఫోన్‌లో చేపల ఎర కలిపే వీడియోలు చూసి ముచ్చటపడుతుంటారు. ఆ పచ్చటి పిండి ముద్ద కంటపడిందంటే చాలు, నాకు మాత్రం దవడలు బిగుసుకుంటాయి. అరవై ఏళ్ల నాటి కోపం అది. చల్లారలేదు, నేను చల్లారనివ్వలేదు.

మా ఊరు ఎల్లంతకుంట వైపు. మా బాపు భీమండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసే పనికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది మా అవ్వ, నేను, చెల్లె. అవ్వ అంటే నాయనమ్మ కాదు, కన్నతల్లే. మా దిక్కు అట్లాగే పిలుస్తాం. పొద్దంతా చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేది. కుండలో మక్కపిండి ఉంటే ఆ వారం గట్క, లేకపోతే లేదు.

పక్కింటాయన మా బాపు కంటే వయసులో పెద్ద, అందుకని చుట్టరికం లేకపోయినా నాకు పెద్దబాపు. ఆయన కూడా సాంచాల మనిషే. వారమంతా సిరిసిల్లలో ఉండి శనివారం సాయంత్రం ఊరికి వచ్చేవాడు. ఆదివారం గాలం పట్టుకుని, చెరువు తూము పక్కనున్న చదును రాయి మీద కూర్చునేవాడు. కట్ట పొడుగునా ఎంతమంది కూర్చున్నా బంగారుతీగ చేపలు మాత్రం ఆయన గాలానికే పడేవి. ఆయన ఎరలో ఏదో గుట్టు ఉందని ఊరంతా నమ్మింది. అడిగితే చెప్పేవాడు కాదు, మీసం కింద నవ్వేవాడు.

ఒక ఆదివారం ధైర్యం చేసి నేనే అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెరువు వైపు ఒకసారి చూసి, చాలా పెద్ద మనసు చేసుకున్నవాడిలా గొంతు తగ్గించాడు.

“గుట్టు ఉత్తగ చెప్తరార? ముందుగాల నీ పిండిని చేపలు మెచ్చాలె. రేపటి సంది శనివారం దాక, దినాం పొద్దుగాల గీ రాయి కాడ పది ఉండలు ఎయ్యి. గాలం ఎయ్యకు. ఎవ్వలకు చెప్పకు. ఆదివారం నేనచ్చి చూస్త. చేపలు మెచ్చినయంటే నా గుట్టు నీదే.”

ఎర గురించి తెలుసుకోబోయి నేనే ఎర మింగాను. గొంతులో గుచ్చుకున్నది కూడా తెలియలేదు.

ఆ పూటే మా కుండ మూత తీశాను. మక్కపిండి, తవుడు, ఎవరి ఎడ్ల కొట్టంలోనో ఏరుకొచ్చిన పల్లిచెక్క, ఇంత బెల్లం. అన్నీ కలిపి చూస్తే ఊళ్లో అందరూ చేసే ఎరలాగే ఉంది. నా సొంత తెలివి ఏదైనా ఉండాలి కదా అని, చెల్లెకు కడుపునొప్పి వస్తే పెట్టడానికి అవ్వ చిన్న డబ్బీలో దాచిన సోంపు కూడా చేరెడు కలిపాను. అవ్వ చూడనే చూసింది.

“గట్కకు పెట్టుకున్న పిండిర అది. చేపలకు పెట్టి మనమేం తినాలె?”

“ఆదివారం ఇంత బంగారుతీగ తెస్తనే అవ్వా,” అని రెండు చేతులూ చాపి చాటంత పొడుగు చూపించాను. ఆమె ఆ చేతుల మధ్య ఖాళీని చూసి, మళ్లీ బీడీలు చుట్టుకుంది. అంటే ఒప్పుకుందన్నమాట. మా ఇంట్లో ఆ వారం పిండి, వచ్చే ఆదివారం చేపకు తాకట్టు పడింది.

రోజూ తెల్లారకముందే పోయి పది ఉండలు వేసేవాణ్ణి. మొదటి రెండు రోజులు నీళ్లు కదలలేదు. మూడో రోజుకు బుడగలొచ్చాయి. ఐదో రోజుకు నా అడుగుల చప్పుడు వినగానే రాయి కింద తోకలు తిరగడం మొదలైంది. నా పిండిని చేపలు మెచ్చాయని నేను పొంగిపోయాను. ఇంట్లో మాత్రం గట్క పలచబడి అంబలి అయింది. చెరువులో చేపలు బలుస్తున్నాయి, ఇంట్లో మేము పలచబడుతున్నాం. శుక్రవారం, శనివారం అవ్వ తనకు ఆకలి లేదని చెప్పింది. పెద్దవాళ్లకు అప్పుడప్పుడు ఆకలి ఉండదు కాబోలు అనుకుని ఆమె వంతు కూడా నేను, చెల్లె తాగేశాం. శనివారం సాయంత్రమే చెల్లె చింతపండు నానబెట్టి, చేప ఎంత పొడుగుంటుందని నన్ను నాలుగుసార్లు అడిగింది.

ఆదివారం నేను పోయేసరికి పెద్దబాపు అప్పటికే చదును రాయి మీద కూర్చుని ఉన్నాడు.

“అచ్చినవా? నువ్వు గా తుమ్మచెట్టు కింద కూసో. నీడ ఉంటది.”

తుమ్మచెట్టుకు నీడ ఎంత ఉంటుందో, ముండ్లు ఎన్ని ఉంటాయో చూసినవాళ్లకు తెలుసు. అయినా ఆయన పెద్దవాడు, గుట్టు చెప్పబోయేవాడు. పోయి ముప్పై అడుగుల దూరంలో కూర్చున్నాను. నా పిండి నీళ్లలో పడగానే విడిపోయేది. ఉత్త గాలం చేపలకు చూపించి వెనక్కి లాగడమే నా పనైంది. అటు ఆయన గాలానికి మధ్యాహ్నంలోపే మూడు బంగారుతీగలు పడ్డాయి. ఒకటైతే నిజంగా చాటంతే ఉంది.

కట్ట మీదే కూర్చుని ఆయన పెద్దదాని పొలుసు గీకి కడుపు కోశాడు. పేగుల్లోంచి పచ్చటి పిండి బయటికొచ్చింది. అందులో అక్కడక్కడ నలగని గింజలు. వంగి చూశాను. అవి ఏ చేప చెరువులో ఏరుకునే గింజలూ కావు.

“పెద్దబాపూ, గవి మా సోంపు గింజలు.”

“అవుర. మంచిగ మేపినవు,” అన్నాడు కత్తి తుడుచుకుంటూ. “ఇగ గుట్టు చెప్త ఇను. ఎరల ఏమీ లేదు. సాంచాల కాడి దూది పోగులు ఇన్ని కలిపితే పిండి నీళ్లల్ల ఇడువది, గంతే. చేప నిన్న తిన్నకాడికే ఇయ్యాల అస్తది. నేనేమో సిరిసిల్లల ఉంట. దినాం ఎవలో ఒకలు పెట్టాలె గద? మునుపు మా మేనల్లుడు ఏస్తుండె. వాడు కోరుట్లకు పోయిండు.”

కట్ట మీద ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. పిండి పిసికింది నేను, పిండుకున్నది ఆయన. అప్పుడు కూడా ఆయన ముఖంలో తప్పు చేసిన చాయ లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. చివరికి పెద్ద చేప తోక కోసి, నా చేతిలో పెట్టాడు. నాలుగు వేళ్ల పొడుగుంది.

“తోక తీస్కపో, పులుసుకు మంచిగుంటది. మల్లా ఆదివారం దాక గట్లనే ఎయ్యి. ఈసారి పెద్ద ముక్క ఇస్త.”

తోక పట్టుకుని, తోక ముడుచుకుని ఇంటికి వచ్చాను. నానబెట్టిన చింతపండు అంతా ఆ నాలుగు వేళ్ల తోక మీద పోసి అవ్వ పులుసు చేసింది. ముక్క చెల్లె తిన్నది. నేను గోడకు తల ఆనించి, ఆయన గాలం విరగ్గొడతానని, రాయి దగ్గర బండలు వేసి చేపలన్నిటినీ తరిమేస్తానని ఏడుస్తూనే ఉన్నాను. అవ్వ బీడీ చుడుతూ చుడుతూ అన్నది:

“బండలేస్తే చేపలు పోతయి. ఆయన పోడు. మల్ల ఎయ్యమన్నడు గద, సరే అను.”

“ఆయనకు మేపాల్నా?”

“రాయి కాడ ఎందుకేస్తవు? గా తుమ్మచెట్టు కాడ ఎయ్యి. ఆయన వారమంత సిరిసిల్లల ఉంటడాయె. చేపలు ఆయనకు ఉత్తరం రాస్తయా?”

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది. అవ్వ మక్కపిండి ముట్టవద్దని, తవుడు చాలని చెప్పి, చాటలో మిగిలిన బీడీ దారం తుంపులు ఏరి పిడికెడు నా చేతిలో పోసింది. సాంచాల దూది ఆయనకుంటే, బీడీ దారం మాకుంది.

తర్వాతి ఆరు రోజులూ తవుడు ఉండలు తుమ్మచెట్టు కింద వేశాను. ఆదివారం పెద్దబాపు రాయి మీద దర్జాగా కూర్చున్నాడు. ఆయన గాలం దారానికి కట్టిన బెండు నీళ్లమీద నిద్రపోయింది. నా బెండు మాత్రం ఎండ ఎక్కకముందే మునిగింది. మొదటి చేప నన్ను మోకాళ్లమీద ఈడ్చింది. రెండోది పడేసరికి ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

“ఏడేసినవుర పిండి?”

“చేప నిన్న తిన్నకాడికే అస్తది గద పెద్దబాపూ.”

ఈసారి కట్ట నవ్విన నవ్వు నా వైపుది.

తర్వాత బతుకులో చాలామంది కనిపించారు, ముందు ఈ పని చెయ్యి, తర్వాత అసలు సంగతి చెప్తానన్నవాళ్లు. వాళ్లు చెప్పేది వింటూనే, రేపు ఆ రాయి మీద కూర్చునేది ఎవరా అని చూడటం నాకు అలవాటైంది. ఎవరైనా ఎర ఎట్లా కలపాలని అడిగితే దారం తుంపు దాకా అన్నీ చెప్పేస్తాను, ఎవరితోనూ ఉండలు వేయించుకోను. ఇంట్లో ఆడమనిషి ఆకలి లేదంటే మాత్రం ఇప్పటికీ లేచి పోయి కుండలోకి చూస్తాను. ఆ రెండు రోజులు అవ్వ వంతు నేను తాగాను, తాగించినవాడు పెద్దబాపు. చేపల సంగతి ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ అంబలి సంగతే మరపు రాలేదు.

ఆ ఆదివారం నేను కూడా కట్ట మీదే కూర్చుని, ఆయన చూస్తుండగా నా పెద్ద చేపను కోశాను. తోక చేతిలో పట్టుకుని, పులుసుకు మంచిగుంటదని చెప్పి ఆయనకు అందించాను. ఆయన నాకిచ్చింది నాలుగు వేళ్ల పొడుగు. నేను వేళ్లు ఆనించి చూసుకుని, మూడు వేళ్లే కోశాను.