కుమేజో బాబాయి వీపు

మా కుమేజో బాబాయికి స్తంభం పిచ్చి. ప్రపంచంలో ఉన్న స్తంభాలన్నీ కాదు, ఒకే ఒక్కటి. మా పేట సమావేశ మందిరంలో, గడపకి ఎదురుగా పై చివర గోడలోకి కట్టిన అలంకరణ గూడు పక్కన, చెర్రీ మానుని బెరడుతో సహా నిలబెట్టిన స్తంభం ఒకటుంది. మందిరం తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా దానికి వీపు ఆనించి కూర్చుంటాడు. మీటింగైనా, ముసలాళ్ల పాటల పోటీ అయినా, ఎవరింటి తద్దినం భోజనమైనా ఆయన చోటు అదే. మా పేటలో కుమేజో బాబాయి వీపు చూసినవాళ్లు లేరు. మిత్సుయో పిన్ని చూసి ఉంటుందేమో, భార్య కాబట్టి.

ఇది చూసి అందరూ నవ్వుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ స్తంభం మా నాన్నది. నాన్న తోకుజి వడ్రంగి మేస్త్రి. ఆ మందిరం దూలం నుంచి గడప దాకా ఆయన చేతుల మీద లేచిందే. కొండకేసి తెరుచుకునే జరుపుడు తలుపులు, ఎండ పొడ పడే వసారా, గడ్డి చాపలు పరిచిన పెద్ద గది, అన్నీ ఆయన కట్టినవే. మందిరానికీ నాకూ ఒకటే వయసు. ఒక రకంగా మేమిద్దరం అక్కచెల్లెళ్లం. కన్నకూతుర్ని నేనుండగా ఆ స్తంభానికి ఆనుకునే భాగ్యం ఎదురింటి ముల్లంగుల రైతుకి దక్కడమేమిటి?

మావాళ్ల పద్ధతి కూడా ఒకటి చెప్పాలి. గూడు ముందు చోటంటే పెద్దపీట. అందుకే అక్కడ ఎవరూ కూర్చోరు.

"మీరు పైకి రండి."

"అయ్యయ్యో, నేనెక్కడ! మీరు రండి."

"మీరుండగా నేనా?"

ఇలా అనుకుంటూ అందరూ జోళ్లు విప్పే గడప దగ్గరే ఒకరి మోకాలి మీద ఒకరు ఇరుక్కుంటారు. పై సగం గది ఖాళీగా పడి ఉంటుంది. ఈ మర్యాదలు పూర్తయ్యేసరికి టీ చల్లారిపోతుంది. అప్పుడు కుమేజో బాబాయి అందరినీ దాటుకుంటూ తిన్నగా పైకి పోయి, "ఉస్సురు" మంటూ స్తంభానికి వీపు ఆనిస్తాడు. దాన్ని చేత్తో తాకడానికే మావాళ్లు జంకుతారు. ఈయన ఏకంగా వీపు రుద్దుతాడు.

"అదేం పని బాబాయ్, అది ఆనుకునే స్తంభమా?" అని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు.

"నేను దానికి ఆనుకోవడం లేదే చిహో. అదే నాకు ఆనుకుంటోంది. నేను లేస్తే పడిపోదూ?"

"మరి ఇంట్లో నడుం నొప్పి అంటావట?"

"నొప్పి కాబట్టే కదా ఆనుకునేది!"

అదే నడుంతో ఆయన పొద్దున్నే వంగి పొలంలో ముల్లంగులు పీకుతాడు. మా ఇంటి కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటాను.

ఒకసారి భూకంపం వచ్చింది. గడప దగ్గర కూర్చున్నందుకు మొదటిసారి అందరికీ లాభం కలిగి, క్షణంలో బయటపడ్డారు. లెక్క చూసుకుంటే ఒక తల తక్కువ.

"కుమేజో బాబాయ్! బయటికి రా!"

"నేనొస్తే దీన్నెవరు పట్టుకుంటారు?" అని లోపల్నుంచి కేక.

భూమి ఊగడం ఆగాక వెళ్లి చూస్తే, స్తంభానికి వీపు అతికించి, చేతులు వెనక్కి పెట్టి దాన్నే పట్టుకుని ఉన్నాడు. స్తంభం ఆయన్ని పట్టుకుందో, ఆయన స్తంభాన్ని పట్టుకున్నాడో చెప్పలేం. వేసవి పండగ డాన్సు రిహార్సల్లో అందరూ గుండ్రంగా తిరుగుతుంటే ఈయన కూర్చున్న చోటే చేతులు మాత్రం తిప్పాడు. పేట మొత్తం ఫొటో దిగాలంటే ఫొటోగ్రాఫరే చాపలన్నీ దాటుకుని ఆయన దగ్గరికి పోవాలి. మనుషులంతా ఆయన చుట్టూ సర్దుకుంటారు. ప్రతి ఫొటోలోనూ ఆయనే పెళ్లికొడుకులా మధ్యలో ఉంటాడు.

లేచి వెళ్లాల్సి వస్తే కూర్చునే దిండుని స్తంభానికి నిలువుగా ఆనించి మరీ వెళ్తాడు. మందిరం తాళం చెవి ఆయన దగ్గరే, మొదట తీసేదీ చివర వేసేదీ ఆయనే. ఏటా అందరం కలిసి మందిరం శుభ్రం చేసే రోజున స్తంభం తుడవడానికి సొంత గుడ్డ తెచ్చుకుంటాడు. ఒకసారి నేను తడిగుడ్డతో అటు నడిచాను.

"అటెటే?"

"మా నాన్న స్తంభం, నేను తుడుస్తాను."

"కిటికీలు కూడా మీ నాన్నవే. పోయి అవి తుడువు."

చిన్నప్పుడు ఒక్కసారే ఆ దిండు జారి పడితే వెనకాల చూశాను. బెరడు మీద ఒక ముడి, దాని చుట్టూ రెండు చివరలూ పైకి తిరిగిన గీత. అచ్చం నవ్వే నోరులా ఉంది. అంత అందమైన దాన్ని వీపు కింద దాచుకున్నాడని ఆ రోజు నుంచీ నాకు మరీ కడుపుమంట. అయితే ఈ కుళ్లు నా ఒక్కదానికే కాదు. మిత్సుయో పిన్నిని అడిగితే తెలుస్తుంది.

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నన్ను ఎప్పుడైనా అంత ప్రేమగా ఆనుకున్నాడేమో అడుగు," అంటుంది.

నాన్న ఉన్నప్పుడు ఆయన మటుకు ఏమీ అనేవారు కాదు. ఎప్పుడూ గడప దగ్గరే కూర్చునేవారు. ఎవరైనా "ఏం స్తంభమండీ!" అంటే ఒకసారి దగ్గి, టీ కప్పులోకి చూసుకునేవారు. వినయం అనుకునేదాన్ని. ఆ వినయం వల్లే ఆయనకి రావాల్సిన పేరు రాకుండానే పోయారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈ ఏడు పేట పెద్దరికం వంతు నాకొచ్చింది. అదే సమయానికి నది అవతలి పేటవాళ్లు కొత్త మందిరం కట్టుకుంటూ, మాది చూసి పోతామని కబురు పెట్టారు. వాళ్ల మేస్త్రి ఓందా గారు కూడా వస్తున్నారు. ఆయన మాటంటే ఈ లోయంతా తలూపుతుంది. ఆయన నోటితో నాన్న స్తంభాన్ని మెచ్చుకోవాలి, ఆ మాట పేటంతా వినాలి, పేట పెద్ద హోదాలో నేను ఆ స్తంభం పక్కన కూర్చుని వినాలి. ఇంతకు మించి నాకేమీ అక్కర్లేదు. అడ్డమల్లా ఒక్క వీపు.

ముందుగా మంచిగా అడిగాను. "బాబాయ్, ఆ ఒక్క రోజూ వంటగదిలో టీ సంగతి చూస్తావా?"

"టీ పిన్ని చూస్తుంది."

"వసారాలో ఎండ బాగుంటుంది, నీ నడుముకి మంచిది."

"నా నడుముకి చెర్రీ మానే పడుతుంది."

"నేను పేట పెద్దని. లేవమంటున్నాను."

"నువ్వు పుట్టిన రోజు నుంచీ..." అని మొదలుపెట్టి, ఎందుకో టక్కున ఆపేశాడు. "పోవే, పోయి పని చూసుకో."

సరే, మర్యాద పనికిరాదని తేలిపోయింది. అతిథులు వచ్చి, జోళ్లు విప్పుకుని, గడప దగ్గర "మీరు పైకి", "అయ్యో మీరు" మొదలుపెట్టగానే నేను కిటికీ దగ్గరికి పోయి గావుకేక పెట్టాను.

"బాబాయ్! మీ చూరుకి ఆరేసిన ముల్లంగుల మీద కోతులు!"

కుమేజో బాబాయి ముఖం చూడాలి. ఒక కన్ను స్తంభం మీద, ఒక కన్ను ఇంటి మీద. పిన్ని ఊరగాయ వేసేది ఆ ముల్లంగులతోనే. అవి పోతే చలికాలమంతా ఆవిడ మాటలే నంజుకోవాలి. దిండు నిలబెట్టి, జోళ్లు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను తీరిగ్గా వెళ్లి దిండు పక్కకి తీసేశాను.

"ఓందా మేస్త్రి గారూ, ఇలా రండి. ఇది మా నాన్నగారు నిలబెట్టిన స్తంభం."

ఆయన వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకున్నారు. పై నుంచి కింది దాకా చూశారు. కింది నుంచి పై దాకా చూశారు. ముడి దగ్గర ఆగారు. మెల్లిగా మెడ పక్కకి వంచారు, ఇంకా వంచారు, తల దాదాపు చాపకి తగిలింది. నేను గర్వంతో ఊపిరి బిగపట్టాను. మా పేట పెద్దవాళ్లకేసి చూస్తే, ఏమైందో ఏమో, అందరూ ఒక్కసారిగా టీ కప్పుల్లోకి చూస్తున్నారు.

ఓందా గారు నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడు మట్టి మేజోళ్లతో కుమేజో బాబాయి ఊడిపడ్డాడు. చేతిలో సగం కొరికిన ముల్లంగి. మేస్త్రి గారికీ స్తంభానికీ మధ్య సందులోకి దూరి, దభీమని వీపు ఆనించాడు.

"క్షమించాలి, నా నడుం..." అని రొప్పుతూ, నాకేసి తిరిగి, "కోతులు నిజంగానే వచ్చాయే. మంచిదానివి, బతికించావు," అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఓందా గారు బాబాయిని చూశారు. బాబాయి ఓందా గారిని చూశాడు. తర్వాత మేస్త్రి గారు తల తిప్పి, టీ కప్పుల్లో మునిగిపోయిన మా పెద్దవాళ్లందరినీ చూశారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఇంతకాలంగా కడుతున్నాను," అన్నారు, "ఇలా నవ్వే స్తంభాన్ని ఇంకెక్కడా చూడలేదు."

"విన్నావా బాబాయ్? విన్నావా?" అన్నాను.

"విన్నానే తల్లీ," అన్నాడు బాబాయి.

అతిథులు వెళ్లాక వంటగదిలో కప్పులు కడుగుతూ బాబాయిని పట్టుకున్నాను. "మేస్త్రి గారు అంతలా తల వంచి ఏం చూశారు? నువ్వెందుకంత కంగారు పడ్డావు?"

"ఏం లేదు."

"చెప్పేయ్," అంది మిత్సుయో పిన్ని, గుడ్డ విసిరికొట్టి. "ఆ స్తంభాన్ని సవతిగా భరించాను, చాలు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

బాబాయి ముల్లంగి కేసి చూస్తూ చెప్పాడు. "అది తలకిందులుగా ఉందే చిహో."

నా చేతిలో కప్పు జారి నీళ్లలో పడింది. వడ్రంగి కూతుర్ని, ఆ మాత్రం తెలుసు. చెట్టు ఎలా పెరిగిందో స్తంభం అలాగే నిలబడాలి, మొదలు కిందికి, కొన పైకి. తిరగేసి నిలబెడితే ఆ ఇంటికి అచ్చిరాదంటారు. అలా నిలబెట్టిన మేస్త్రిని మళ్లీ ఎవరూ పిలవరు.

"కొమ్మ మొలిచిన చోట గీత ఎప్పుడూ మీసంలా కిందికి వాలి ఉంటుంది," అన్నాడు బాబాయి. "మనది పైకి తిరిగింది. తెలిసినవాడు చూస్తే చాలు, పట్టేస్తాడు."

"నాన్న అంత తప్పు చేశారా? నాన్నా?"

"ఆయన తప్పేముంది, నీదే! స్తంభం నిలబెట్టే రోజు ఇద్దరం చెరో చివర మోసుకొస్తున్నాం. మీ నాయనమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, ఆడపిల్ల పుట్టిందంది. అంతే, మీ నాన్న ఆ మాను భుజాన పెట్టుకునే గిరగిరా తిరగడం మొదలెట్టాడు. రెండో చివర నేను. వదిలితే నా కాలి మీద పడుతుంది, వదలకపోతే తిరగాలి. ‘ఆగరా తోకుజీ’ అంటే ఆగడే! కళ్లు తిరిగి ఆగేసరికి మొదలెటో కొనెటో ఎవరికి తెలుసు? అలాగే దించేశాం."

"మరి తర్వాత సరిచేయలేదా?"

"చూసుకునేసరికి పైన దూలం దిగిపోయింది. తీయాలంటే గోడే పీకాలి. ముఖం వేలాడేసుకుని, ‘కుమే, నా పని అయిపోయింది, ఇంట్లో పసిపిల్ల’ అన్నాడు. నా వీపు ఎంత వెడల్పో నీకు తెలుసుగా. నేను కూర్చుంటాలే అన్నాను. ఎన్నాళ్లు కూర్చుంటావురా అన్నాడు. నడుం నొప్పి తగ్గేదాకా అన్నాను." ముల్లంగి కొరికాడు. "తగ్గలేదు."

"నాన్న పోయాక కూడానా?"

"ఆయన పోతే స్తంభం తిరగబడుతుందా?"

"ఇంకెవరికి తెలుసు?"

"పెద్దవాళ్లందరికీ తెలుసు," అంది పిన్ని.

"నాకొక్కరూ చెప్పలేదే!"

"మా నాన్న స్తంభం, మా నాన్న స్తంభం అని నువ్వు అంత గొప్పగా ఊరేగుతుంటే ఎవరికి నోరొస్తుందే?"

కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే మళ్లీ కుళ్లు పుట్టింది, దాచడం దేనికి. నేను పుట్టినందుకు మా నాన్న గిరగిరా తిరిగారట. దాన్ని ఈయన దగ్గరుండి చూడ్డమే కాదు, రెండో చివర పట్టుకుని తానూ తిరిగాడట. నాకా భాగ్యం లేదు. ఆ స్తంభం మీద అసూయ ఏమంత పెద్దది, ఆ ఒక్క తిరుగుడు మీద అసూయ జన్మకి పోదు.

తర్వాతి మీటింగుకి నేను దిండు తీసుకుని తిన్నగా పైకి నడిచాను. గడప దగ్గర అందరూ మాటలాపేశారు.

"లేవమంటావా?" అన్నాడు బాబాయి.

"కూర్చో. కానీ నీకు జలుబు చేసిన రోజు ఆ చోటు నాది."

"నాకు జలుబు చెయ్యదు."

అప్పట్నుంచీ పేట పనులన్నీ పక్కనపెట్టి ఆయన ముక్కునే గమనిస్తున్నాను. మొన్న మొదటి మంచు పడిన రోజు, మీటింగు మధ్యలో ఆయన తుమ్మాడు. నేను మాట సగంలో వదిలేసి, దిండుతో సహా ఆయన మీదకి వెళ్లాను.

"అది తుమ్ము కాదే, ముక్కులో ఏదో పడింది!"

"జరుగు బాబాయ్."

"జరగను."

"సగం జరుగు."

గొణుక్కుంటూ సగం జరిగాడు. నేను వీపు ఆనించాను. భుజం కింద ఆ ముడి గరుగ్గా తగిలింది, నవ్వే గీతతో సహా. కింద గడప దగ్గర పేటవాళ్లంతా బుద్ధిగా టీ కప్పుల్లోకి చూసుకుంటున్నారు.