నల్లజీడి చుక్కలు

ఆ కార్డులు గుర్తొస్తే మా బావ మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెట్ కార్డులవి. రెండువేల సంవత్సరం దాటాక, సారపాక మిల్లులో పనిచేసే బావకు పాత కార్డులు పోగుచేసే పిచ్చి పట్టింది. నా కార్డుల వెనక, మూలన ఉన్న రెండేసి నల్ల చుక్కల్ని భూతద్దం పెట్టి చూశాడు.

"ప్రెస్సుల తప్పు పడ్డట్టుంది బామ్మర్దీ. గిసొంటివి దొరకయి."

"ప్రెస్సు కాదు బావా, అమ్మ పెట్టింది" అన్నాను.

ఉతకడానికి వేసే బట్టలు కలిసిపోకుండా గుర్తు పెట్టే నల్లజీడి రసం అది. అన్నా నేనూ కార్డుల కోసం కొట్టుకుంటుంటే అమ్మ వాడివాటికి ఒక చుక్క, నావాటికి రెండు పెట్టింది. అమ్మ పోయాక ఆమె చేతి గుర్తుగా నాకు మిగిలినవి అవే. ఇదంతా చెప్పాను. బావ తలూపి, ఆల్బంలో పెట్టి తెస్తానని పట్టుకుపోయాడు.

ఆదివారం తెచ్చాడు. మూలలన్నీ తెల్లగా, పొర లేచి ఉన్నాయి. బ్లేడుతో గీకేశాడు.

"ప్రెస్సుది కాకపోతే మరకే గదా. ఇప్పుడు సూడు, ఎంత సాఫ్‌గున్నయో."

ఆల్బం మొహాన కొట్టేవాణ్ణి. పక్కనే అక్క ఉందని ఆగాను.

"నువ్వే ఉంచుకో బావా" అన్నాను. "ఇప్పుడు గవి ఎవలియైనా కావచ్చు."