వందన సమర్పణ వరహాలు గారు

వరహాలు గారికి ఉన్న జబ్బు ఒక్కటే, కృతజ్ఞత. సభ ఎవరిదైనా, సన్మానం ఎవరికైనా, చివర్లో వందన సమర్పణ మాత్రం ఆయనదే. పిలవకపోయినా వస్తారు, మైకు ఇవ్వకపోయినా పుచ్చుకుంటారు. పోర్టు టైమాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి పోయారో రాసిన మనిషి మైకు పట్టుకుంటే మాత్రం గడియారం అనే వస్తువు ఒకటుందనే మర్చిపోతారు.

ఒకసారి వనమహోత్సవంలో మొక్కలు ఇచ్చినవాళ్లకూ, గోతులు తవ్వినవాళ్లకూ, నీళ్ల ట్యాంకరుకూ, ఆ ట్యాంకరు వెనక హారను కొట్టకుండా ఓపిగ్గా ఆగిన బస్సు డ్రైవరుకూ వందనాలు చెప్పేసరికి మొక్కలు వాడిపోయాయి. ఇంకోసారి మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోతే అందరూ అమ్మయ్య అనుకున్నారు. ఆయన గొంతు పెంచి, "ఇంతసేపు కరెంటిచ్చినందుకు..." అని కరెంటాఫీసు వాళ్లకు మొదలెట్టారు.

తన సంగతి ఆయనకూ తెలుసు. "నాను లేసినానంటే సభ అయిపోనాదని గుర్తమ్మా," అనేవారు నీలిమతో. "జనం కూడా లేత్తారు, సెప్పులెతుక్కోడానికి. ఇంటికాడ కూర బాగుందని అన్నానంటే సాలు, మాయావిడ టీవీ సౌండు పెంచేత్తాది."

నీలిమ మల్కాపురంలో శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్. తన గురించి ఆమెకూ పెద్ద భ్రమలు లేవు. తన లైబ్రరీలో ఎక్కువ గిరాకీ ఉన్నది పుస్తకాలకు కాదనీ, కిటికీ పక్క ఫ్యానుకనీ ఆమెకు తెలుసు. "సైలెన్స్!" అని తను అరిచే అరుపే ఆ హాల్లో అన్నిటికంటే పెద్ద చప్పుడని కూడా తెలుసు. అలాంటి చోట హైస్కూలు పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టించి, ఊరంతా కదిలి వస్తుందనుకుంది. వచ్చినవాళ్లలో సగం మంది పేపరు చదవడానికి వచ్చి, పేపరు స్టాండు ఎందుకు జరిపావని ఆమెను కోప్పడ్డారు.

ఆఖరి రోజు సాయంత్రం ముగింపు సభ. సభ అవగానే బొమ్మలు దింపి హాలు ఖాళీ చెయ్యాలి, తెల్లారితే అక్కడ కంటి పరీక్షల శిబిరం. ఈ రూలు పెట్టింది నీలిమే. సభకు ముందు పదో తరగతి ధనశ్రీ ఆమె బల్ల దగ్గరకు వచ్చింది.

"మేడం, ఒక్కపాలి ఫోనిత్తారా? మాయమ్మ ఇంకా రాలేదు."

ధనశ్రీ తల్లి నూకాలు ఫిషింగ్ హార్బరులో రొయ్యలు ఒలుస్తుంది. ఆ పిల్ల వేసింది తల్లి బొమ్మే. డ్యూటీ దిగి, బస్సులో కిటికీకి తల ఆనించి, ఒళ్లో ఖాళీ క్యారేజీ పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్న బొమ్మ. పొద్దున ప్రకటించిన బహుమతులన్నీ ఓడలకూ, సూర్యోదయాలకూ పోయాయి.

ఫోను మాట్లాడాక పిల్ల మొహం చిన్నబోయింది. "బస్సెక్కినాదంట మేడం. కాన్వెంట్ జంక్షన్ కాడ లారీ అడ్డంగా ఆగిపోనాదంట. మాయమ్మ వచ్చేదాక నా బొమ్మ తియ్యకండి."

"సభ అయ్యాక ఉంచలేనమ్మా. ఇంటికి తీసుకెళ్లి చూపించు."

"ఇంటికాడ సూత్తే ఏటుంది మేడం? గోడ మీద, అందరూ సూసేకాడ మాయమ్మ సూడాల."

నీలిమ తల అడ్డంగా ఊపింది. రూలంటే రూలు అని చెప్పేటప్పుడు తను కాస్త పొడుగ్గా కనిపిస్తానని ఆమె నమ్మకం. పక్కనే టీ తాగుతున్న వరహాలు గారు, కప్పులో విరిగిపడిన బిస్కెట్టు కోసం వెతుక్కుంటున్నారు.

సభ చకచకా సాగిపోయింది. ముఖ్య అతిథి నాలుగు ముక్కలు చెప్పి ఇంకో సభకు పరిగెత్తారు. అధ్యక్షుడు అచ్యుతరామయ్య గారు వరహాలు గారికి మైకిస్తూ చెవిలోనే చెప్పారు గానీ అది మైకులో అందరికీ వినిపించింది. "రెండు ముక్కల్లో కానిచ్చెయ్యి బావా."

"రెండే బావా," అన్నారు వరహాలు గారు.

పిల్లలకు, టీచర్లకు, తల్లిదండ్రులకు చెప్పారు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత రంగులమ్మిన కొట్టుకు చెప్పారు. తర్వాత గోడకు. "ఇన్ని బొమ్మల్ని నోరెత్తకండా మోసిన గోడండీ ఇది!" మేకులకు, మేకులు కొట్టిన సుత్తికి, ఆ సుత్తి తగిలిన అటెండరు బొటనవేలికి కూడా చెప్పారు. ఖాళీ అయిన వరసల్లో కుర్చీలు మడతపెడుతున్న టెంట్‌హౌస్ వాళ్లకు చెప్పేసరికి, వాళ్లు మొహమాటపడి కుర్చీలు మళ్లీ విప్పుకుని కూర్చున్నారు.

నీలిమ తాళాలగుత్తి గలగలలాడించింది. "ఆ సప్పుడిన్నారా? మన లైబ్రేరియన్ మేడం గారికి..." అని ఆమెను అందుకున్నారు. అచ్యుతరామయ్య గారు వాచీ చూపించారు. ఆ వాచీకీ చెప్పారు.

ఈ మనిషి ఎవర్ని చూసి ఇంత పొంగిపోతున్నాడా అని నీలిమ పళ్లు నూరుకుంటూ ఆయన మొహంలోకి చూసింది. ఆయన జనాన్ని చూడటం లేదు. గుమ్మం వైపు చూస్తున్నారు. ధనశ్రీ కూడా అటే చూస్తోంది. అప్పటికి వెలిగింది నీలిమకు. సభ అవగానే బొమ్మలు దింపాలన్నది రూలు. మరి సభ అవ్వకపోతే? లైబ్రరీ సైన్సులో పట్టా పుచ్చుకున్న తనకు తను పెట్టిన రూలే అర్థం కావడానికి ఇంతసేపు పట్టినందుకు సిగ్గేసింది. తాళాలు బ్యాగులో పడేసి, అందరికీ ఇంకో విడత టీ చెప్పింది.

వరహాలు గారి దగ్గర సరుకు నిండుకుంటోంది. ఫ్యాను రెక్కలకు విడివిడిగా చెప్పేశారు. గొంతు బొంగురుపోయింది. "ఇంకా... ఇంకెవులున్నారూ..."

"కిటికీలు!" అని అరిచింది నీలిమ కూర్చున్న చోటి నుంచే.

"అదీ! కిటికీలు!" అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

మూడో కిటికీ దగ్గర ఉండగా గుమ్మంలో నూకాలు కనిపించింది, రొప్పుతూ. "అందరికీ వందనాలు, సెలవు," అని వరహాలు గారు మైకు పెట్టేశారు. ఆ వేగానికి జనం బిత్తరపోయి లేవడం కూడా మర్చిపోయారు. అందరూ అలా కూర్చునే ఉండగా, వాళ్ల మధ్య నుంచి ధనశ్రీ తల్లిని చెయ్యి పట్టుకుని గోడ దాకా నడిపించుకుపోయింది.

నూకాలు చాలాసేపు చూసింది. "ఓలమ్మో! నాను ఇంతలాగ నోరు తెరుసుకుని పడుకుంతానేటే?"

"ఇంకా పెద్దగా తెరుత్తావు. నానే తగ్గించినాను."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నూకాలే నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నీలిమ వరహాలు గారి దగ్గరకు వెళ్లింది. చాలా చెప్పాలనుకుంది. ఆ పిల్ల మొహం, తన రూలు, తాళాలు గలగలలాడించినందుకు క్షమాపణ, అన్నీ.

"థాంక్సండీ," అంది.

ఆయన కాసేపు చెవి ఒగ్గి ఎదురుచూశారు.

"అంతేనేటమ్మా? మిగతాదేదీ?"