ముదీర్ జేబుకి నేను ఎంచిన రివాల్వర్

2018 జనవరి 17, బుధవారం. దమ్మామ్, కంపెనీ ఆఫీసు గది. సాయంత్రం ముందటి అసర్ నమాజు అయిన పావుగంటకి.

హాజరైనవారు: కంపెనీ యజమాని, మా అందరి వీసాలకి పూచీ ఉన్న కఫీల్, మేమంతా ముదీర్ అని పిలిచే ఆయన. అరబ్బీ బాగా వచ్చిన కడప జిల్లా డ్రైవరు, ఆ రోజుకి దుబాసీ. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. అతని జట్టులోని పదిమంది. స్టోర్‌కీపర్‌ని నేను. మొత్తం పద్నాలుగు మంది.

ముదీర్ వేసుకున్న థోబ్ అనే పొడవాటి అంగీ కుడి జేబులో రివాల్వర్ ఉంది. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికే తెలుసు: ఆయనకి, డ్రైవరుకి, నాకు. దాన్ని ఎంపిక చేసినవాణ్ణి నేనే.

నేను సైన్యంలో ఇరవై ఏళ్లు ఆయుధాల మరమ్మతు పని చేసి, పెన్షను తీసుకుని, ఆ తర్వాత సౌదీ వెళ్లినవాణ్ణి. స్టోర్‌కీపర్ ఉద్యోగం కోసం రాసిన దరఖాస్తులో పాత పని కూడా రాశాను. ముదీర్ పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దాని గురించి అడగలేదు. డిసెంబరు ఆఖరు వారంలో ఒక పొద్దున పిలిచి, తలుపు మూసి అడిగాడు.

"సదీక్, నీకు పిస్తోళ్లు తెలుసు కదా?"

పనివాళ్లందర్నీ ఆయన సదీక్, అంటే స్నేహితుడా, అనే పిలుస్తాడు. తెలుసన్నాను.

"నాకు చిన్నది ఒకటి కావాలి. థోబ్‌లో పెట్టుకుంటే బయటికి కనపడకూడదు. లైసెన్సు నా దగ్గరుంది. నువ్వు చూసి చెప్పు."

ఎందుకని నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. సౌదీలకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ నియమం కింద ఇద్దరు సౌదీ కుర్రాళ్లని పేరుకి ఉద్యోగంలో పెట్టుకుని ఎలాగో గట్టెక్కిన కంపెనీ, లెవీ అనే పన్ను దగ్గర చతికిలపడింది. కొత్త ఏడాది నుంచి విదేశీ పనివాడి తలకింత అని ఇంకా పెరుగుతుందని తెలిశాక, మేస్త్రీ జట్టు ఇకామాలు, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డులు, రెన్యూ చేయడం ఆయన ఆపేశాడు. వాళ్లకి పని లేదు. ఇంటికి పంపమంటే పంపడానికీ లేదు. ఇకామా చెల్లుబాటులో ఉంటేనే ఫైనల్ ఎగ్జిట్, దేశం విడిచి వెళ్లే అనుమతి, వస్తుంది. అంటే ముందు లెవీ కట్టాలి. కట్టకుండా వదిలించుకునే దారి ఒకటే, పనివాడు పారిపోయాడని రిపోర్టు చేయడం. దాన్ని హురూబ్ అంటారు. అది పడిన మనిషి పట్టుబడి, జైల్లో ఉండి, వేలిముద్రలిచ్చి, మళ్లీ ఆ దేశం మొహం చూడకుండా పోవాలి. ఎన్నాళ్లకి పంపుతారో ఎవరికీ తెలియదు.

పదకొండు మందిలో పదిమంది ఓర్చుకోగలరు. మేస్త్రీ ఓర్చుకోలేడు. అతనికి షుగరు. ఎడమ పాదం బొటనవేలి పక్కన మేకు గుచ్చుకున్న పుండు మానలేదు. ఇకామా లేనివాణ్ణి ఆసుపత్రిలో చేర్చుకోలేదు. డిసెంబరు నాటికి వేలు నల్లబడింది. ఒకసారి నాకు గుడ్డ విప్పి చూపించాడు.

"సారూ, ఈడనే ఉంటే కాలు తీసేస్తరు. ఇంటికి వోతే జగిత్యాల డాక్టరు ఏలు తోని ఆపుతడేమో. ఒంటి కాలు మీద నిలవడి గోడెట్ల కడ్త?"

"ముదీర్‌తో మాట్లాడతాను," అన్నాను. అలా మూడుసార్లు అన్నట్టు నా డైరీలో ఉంది.

దుకాణానికి డిసెంబరు 27న వెళ్లాం. డ్రైవరు కారు నడిపాడు. దుకాణంవాడు అద్దం బల్ల మీద మూడు రివాల్వర్లు పెట్టాడు. మొదటిది ఉక్కుది, ఆరు తూటాలు. జేబులో వేసుకుని నడవమన్నాను. థోబ్ ఒకవైపుకి లాగేసి, మెడ దగ్గర గుండీ పక్కకి జరిగింది. ఏదో బరువైనది ఉందని పసిపిల్లాడు కూడా చెప్పేస్తాడు. రెండోది అల్యూమినియం కలిపిన తేలికపాటిది, ఐదు తూటాలు. జేబులో బాగానే ఒదిగింది కానీ వెనక తూటాని కొట్టే హ్యామర్ కొక్కెంలా బయటికి ఉంది. తీసేటప్పుడు గుడ్డకి తగులుకుంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి. ఆ కొక్కేన్ని బొటనవేలితో వెనక్కి లాగి పెట్టుకుంటే, ఆపైన ట్రిగ్గర్ మీద వేలు ఆనితే చాలు, పేలుతుంది. భయంతో ఉన్నవాడి చేతికి అలాంటిది ఇవ్వకూడదు.

మూడోది అన్నిటికంటే తేలిక. హ్యామర్ లోపలే దాగి ఉంటుంది, బయటినుంచి లాగడానికి ఏమీ ఉండదు. ప్రతిసారీ ట్రిగ్గర్‌ని మొదటినుంచి చివరిదాకా బలంగా లాగాల్సిందే. తేలిక తుపాకీ పేలినప్పుడు చేతిని గట్టిగా తంతుంది, రెండో దెబ్బ గురి తప్పుతుంది. అదీ చెప్పాను.

ముదీర్ ఖాళీ తుపాకీని గోడవైపు పెట్టి లాగి చూశాడు. మొహం చిట్లించాడు.

"చాలా గట్టిగా ఉంది. వేలు నొప్పి పుడుతోంది."

"అలాగే ఉండాలి. గట్టిగా ఉంటేనే ఆలోచించడానికి ఒక క్షణం దొరుకుతుంది," అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ నా లెక్క ఇంకొకటి. ఆయన ఎవరి కోసం దాన్ని కొంటున్నాడో నాకు తెలుసు కాబట్టి, ఉన్న మూడింటిలో అన్నిటికన్నా కష్టంగా పేలేదాన్ని ఎంచాను. మంచి పని చేశాననుకుని ఆ రోజు డైరీ మూశాను.

తిరుగు దారిలో ముదీర్‌ని ఇంటి దగ్గర దింపాక డ్రైవరు అన్నాడు: "ఏం సార్, ఆయప్ప దాన్ని పెన్ను మాదిరి జోబులో పెట్టుకోని తిరుగుతాడా ఇంక?"

"తిరుగుతాడు."

"యింత పెద్ద మనిషికి మన మేస్త్రీ అంటే భయమా? కుంటోడు పరిగెత్తి యాడ పట్టుకుంటాడు ఆయప్పని?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత అతను, "మనోళ్లకి చెప్దామా సార్?" అన్నాడు.

వద్దన్నాను. తుపాకీ కొన్నాడని తెలిస్తే జట్టులో కుర్రాళ్లు రెచ్చిపోతారని నా భయం. నా ఇకామా కూడా ఆ జేబులోనే ఉందన్నది ఇంకో సంగతి. యాభై దాటినవాణ్ణి మళ్లీ ఎవరు తీసుకుంటారు?

జనవరి 17 మధ్యాహ్నం మేస్త్రీ నా స్టోరుకి వచ్చాడు. ఆ సాయంత్రం అందరూ కలిసి ముదీర్‌ని అడుగుతామన్నాడు. ముగ్గురే వెళ్లండి అన్నాను. "పదిమందిల మాట్లాడితే మాటకు వజనుంటది సారూ," అన్నాడు. సరే, గట్టిగా మాట్లాడొద్దు, వేలెత్తి మాట్లాడొద్దు, వంగి వినయంగా అడుగు అని చెప్పాను.

వినయంగా అని నేనన్న మాటకి అతనికి తెలిసిన అర్థం ఒక్కటే. అది నాకు తట్టి ఉండాల్సింది.

చెప్పులు గుమ్మం బయట విప్పి పదకొండు మందీ లోపలికి వచ్చారు. గది చిన్నది. ముదీర్ కుర్చీలోంచి లేచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవరు ఒక్కో మాటా అరబ్బీలోకి మార్చి చెబుతున్నాడు. ఐదు నిమిషాలు బాగానే నడిచింది. ముదీర్ తనకీ కష్టాలున్నాయన్నాడు, వచ్చే నెల చూద్దామన్నాడు. వెనకనుంచి ఒకడు, "వచ్చే నెల వచ్చే నెల అని నాల్గు నెలలాయె," అన్నాడు. ఇంకొకడు, "గాయన కాలు నువ్వు పెడ్తవా మల్ల?" అని అరిచాడు. డ్రైవరు ఆ రెండూ అనువదించలేదు. గొంతులు లేచాయి.

అప్పుడు మేస్త్రీ, గొడవ ముదురుతోందని కాబోలు, ఒక్కసారిగా వంగి ముదీర్ కాళ్ల మీదికి రెండు చేతులూ చాపాడు. మా దగ్గర పటేల్ కాళ్లయినా ఆఫీసరు కాళ్లయినా పట్టుకునే తీరు అదే. ఎడమ పాదం మీద బరువు ఆగలేదు. వంగినవాడు ముందుకి తూలి, మొత్తం మనిషి ముదీర్ మోకాళ్ల మీద పడ్డాడు.

ఆయన దేశంలో మనిషి మనిషి కాళ్లు పట్టుకోడు. అది ఆయనకి తప్పు. అసలు అది బతిమాలడమని కూడా ఆయనకి తోచలేదు. తన మీదికి ఒకడు దూకాడు, వెనక పదిమంది ఉన్నారు, అంతే. చెయ్యి జేబులోకి వెళ్లింది. రివాల్వర్ ఎక్కడా తగులుకోకుండా బయటికి వచ్చింది. నేను ఎంచింది కదా, తగులుకోదు.

మేస్త్రీ నెత్తికి జానెడు దూరంలో దాని గొట్టం. అందరూ అరిచారు. డ్రైవరు ముదీర్ మణికట్టు పట్టుకుని పైకి ఎత్తాడు. మేస్త్రీ తల ఎత్తి చూసి, కాళ్లు వదలకుండానే, "మాఫ్ చెయ్ ముదీర్, మాఫ్ చెయ్," అంటున్నాడు. నేను కుర్రాళ్లని బయటికి నెట్టాను. పేలలేదు. ట్రిగ్గర్ గట్టిదాన్ని ఎంచడం ఎంత మంచిదయిందో అని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది, కొట్టేయలేదు.

జనవరి 18, గురువారం.

ఏడింటికి ముదీర్ పిలిచాడు. బల్ల మీద తువ్వాలు, దాని మీద రివాల్వర్. రాత్రంతా నిద్రపోనట్టు కళ్లున్నాయి.

"తూటాలు తీసెయ్యి. దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాను. తొమ్మిదింటికి గుమాస్తా వస్తాడు, పదకొండు మందికీ హురూబ్ పెట్టిస్తాను. అయిపోతుంది."

సిలిండర్ తెరిచి ఐదు తూటాలూ అరచేతిలోకి ఒంపాను. అలవాటు కొద్దీ ఒక్కోదాన్ని తిప్పి అడుగు చూశాను. నాలుగు నున్నగా ఉన్నాయి. ఐదో దాని అడుగున, మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్ మీద, పిన్ను గుచ్చిన చిన్న గుంట ఉంది. లోతు లేదు.

ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ లాగి చూశాను. వెన్నలా వచ్చింది.

"దీన్ని ఎవరు మెత్తబరిచారు?"

"దుకాణంవాడే. వేలు నొప్పి అన్నాను కదా. స్ప్రింగు మార్చాడు."

స్ప్రింగు మెత్తబడితే ట్రిగ్గర్ తేలికవుతుంది, హ్యామర్ దెబ్బా బలహీనపడుతుంది. ముదీర్ నిన్న ట్రిగ్గర్ చివరిదాకా లాగాడు. హ్యామర్ పడింది. తూటా పేలేంత బలంగా పడలేదు. ఆ అరుపుల్లో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. నేను ఎంచింది ఎంచినట్టే ఉండి ఉంటే? ఆ గట్టి ట్రిగ్గర్‌ని ఆయన చివరిదాకా లాగలేకపోయేవాడో, లాగి మేస్త్రీని చంపేసేవాడో నాకు తెలియదు. ఇన్నేళ్లయినా తేలలేదు.

తూటాని బల్ల మీద నిలబెట్టి గుంట చూపించాను.

"నేను నొక్కలేదు," అన్నాడు.

"నొక్కారు."

దానికోసం ఆయన చెయ్యి చాపితే, నేను తూటా తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఆయన ట్రిగ్గర్ లాగాడనడానికి పోలీసులకి చూపించగల సాక్ష్యం అదొక్కటే. పద్నాలుగేళ్లలో ఆయన ముందు నేను చేసిన మొదటి ఎదురు పని అది.

"మేస్త్రీ ఇకామా రెన్యూ చేసి ఫైనల్ ఎగ్జిట్ కొట్టించండి. కాగితం నా చేతికి రాగానే ఇది మీకు ఇచ్చేస్తాను."

ఆయన కాదనలేదు. గుమాస్తా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పదిన్నరకి కాగితం ప్రింటయింది. నేను తూటా ఇచ్చేశాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, హురూబ్ పెట్టడానికి మిగతా పదిమంది ఇకామా నంబర్లూ చదవమని గుమాస్తాకి చెప్పాడు. నేను బయటికి వచ్చాను.

క్యాంపు గదిలో పదకొండు మందీ ఉన్నారు. కాగితం చేతిలో పెడితే మేస్త్రీ దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"నేను చెప్పలేదా? భయపడ్డడు గని మనసున్నోడే. కాళ్లు వట్టుకుంటే కరిగిండు. పోన్రి తమ్మీ, మీరు గూడ పోయి పట్టుకోన్రి. ఇప్పుడే పోన్రి, మనసు మెత్తగున్నప్పుడే."

అందరూ ఒక్కసారి లేచారు. ఒకడు అప్పుడే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"జరుగు సారూ."

"పోవద్దు."

"ఎందుకు పోవద్దు? గాయనకైతే దొరికె, మాకు దొరకద్దా?"

చెప్పక తప్పలేదు. తుపాకీ ఎవరు ఎంచారో, తూటా మీద ఏం చూశానో, గుమాస్తా ఇప్పుడు ఎవరి నంబర్లు చదువుతున్నాడో, అంతా చెప్పాను. మేస్త్రీ కాగితం ఒళ్లో పెట్టుకుని విన్నాడు. చెయ్యి నెత్తి మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు అడిగాడు: "ఆ తూటా ఏడున్నది సారూ?"

"ఇచ్చేశాను."

"గీ ఒక్క కాయితానికా?"

"అవును."

పదకొండూ పదికి డ్రైవరు కారు తెచ్చి హారన్ కొట్టాడు, టికెట్ ఆఫీసుకీ అక్కడినుంచి విమానాశ్రయానికీ తీసుకెళ్లడానికి. మేస్త్రీని లేపడానికి నేను చెయ్యి ఇచ్చాను. అతను పట్టుకోలేదు. ఆ పదిమందిలో ఇద్దరు చెరో పక్క చేరి, అతన్ని ఎత్తుకుపోయి కారులో కూర్చోబెట్టారు.